సంపాదకుని మాట: పాత జిప్సీకి వారాంతపు సేవ

1985లో మన దేశపు విపణిలో ప్రవేశించిన మారుతి జిప్సీ, ముందువెనుకల రెండు ఇరుసులకును కమాను పట్టీలే ఆధారముగా గలిగి, ఇంటి ముంగిటనే సామాన్యమైన పనిముట్లతో బాగుచేసికొనదగిన సరళయంత్రమై నేటికిని అనేకుల ఆదరమును బొందుచున్నది. వాగు దాటునపుడు, వేడెక్కిన ఇరుసు చన్నీటిలో చల్లారి, లోపలి గాలి సంకోచింపగా, ఇరుసులోనికి గాలి వచ్చిపోవు రంధ్రమగు బ్రీదరు పూడిపోయి యున్నచో సీళ్ల సందులనుండి నీరు లోనికి చొరబడి, గేరు నూనెను పాలవలె తెల్లబరచి, పళ్లను అరుగజేయును. కావున ఆ బ్రీదరుకు రబ్బరు గొట్టము తగిలించి ఇంజను గది పైభాగమునకు జేర్చుట స్వల్పవ్యయసాధ్యమయ్యు విశేషఫలదాయకము. కమానుల నెత్తుచేయుట కంటికింపైనను, ప్రొపెల్లరు షాఫ్టు కీళ్ల కోణము పెరిగి అవి త్వరగా అరుగును. అందుచేతనే ఈ సంచికలో నిర్వహణమునకు ప్రథమస్థానమును, అలంకారమునకు ద్వితీయస్థానమును ఒసగితిమి. పాఠకులు ఈ ఆదివారము ఇరుసు నూనె బిరడా నొకసారి విప్పి చూతురు గాక!