ఎసట్లో పడని పిడికెడు

2020 ఏప్రిల్ 12న ఈస్టర్. లాక్‌డౌన్‌లో చర్చి తలుపులు మూసే ఉన్నాయి. విస్సన్నపేట, నూజివీడు, తిరువూరు వైపు బంగినపల్లి కాయ కోతకొచ్చే రోజులవి. సమాధుల తోటలో చేసుకోవలసిన వేకువ ఆరాధనను ఆ ఏడు క్రైస్తవులు ఇంట్లోనే, ఫోను ముందు కూర్చుని చేసుకున్నారు. జూన్ 8 తర్వాత ప్రార్థనా మందిరాలు తెరిచినా, ఇంటి ఆరాధన అలవాటు కొన్ని కుటుంబాల్లో నిలిచిపోయింది.

అది తక్కువ ఆరాధనేమీ కాదు. అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో, ఫిలేమోను ఇంట్లో సంఘం కూడేదని పౌలు పత్రికలే చెబుతున్నాయి. అప్పటి కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య 1859లో మిషనరీ డార్లింగ్ దొర చేత కుటుంబంతో సహా బాప్తిస్మం పొందడానికి ముందే, ఊళ్లో చర్చీ పాదిరీ లేని రోజుల్లో, విగ్రహాలు వదిలి నిరాకార దైవాన్ని తనకు తోచిన మాటల్లో వేడుకునేవాడు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఇంట్లో ఆరాధించే కుటుంబం దేన్ని వదులుకుంటోంది? లాక్‌డౌన్‌లో ఆరాధన ఫోన్లోకి మారినంత సులువుగా కానుక మారలేదు. ఆదివారం కానుక సంచి మీదే బతికే పల్లెటూరి పాస్టర్ ఇబ్బంది పడ్డాడు. ఆ మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు తలా 5,000 రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది.

ఇదే నేలపై ఒకప్పుడు ఈ ప్రశ్నకు వంటింట్లో జవాబు దొరికింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పేదవాడికి ఇవ్వడం మాత్రమే కాదు, పేదవాడి చేత ఇప్పించడం కూడా గౌరవమేనని అజరయ్య నమ్మాడు. అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆ బియ్యం ఆదివారం చర్చికి చేరేది. కోత పండుగకు ధాన్యం, కోళ్లు వచ్చేవి. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథెడ్రల్ వెనక ఇలాంటి కానుకలూ ఉన్నాయి.

ఆ పిడికెడు మిగులులోంచి తీసింది కాదు, ఆ పూట కూటిలోంచి తీసింది. అందుకే అది త్యాగం. అయితే తగ్గిన అన్నం ఎవరి కంచంలో తగ్గింది? మన ఇళ్లలో అందరూ తిన్నాక కూర్చునేది అమ్మ. కుటుంబ ప్రార్థన వేళకూ చాలాసార్లు ఆమె పొయ్యి దగ్గరే ఉంటుంది. ఇంటి పెద్ద సజీవ యాగం గురించి వాక్యం చెబుతుంటే యాగం మాత్రం ఆమె వంతవుతోంది. ఇంట్లో ఆరాధన నిలబెట్టాలనుకునే మగవాళ్లు మొదట దిద్దుకోవలసింది ఇదే. కూర ఆయన దించాలి, పాట ఆమె ఎత్తుకోవాలి.

ఇల్లు దాక్కునే చోటు కాకూడదని చూపించినవాడు భక్తసింగ్. పంజాబ్‌లో సిక్కుగా పెరిగి, విదేశంలో చదువుకుంటూ క్రీస్తును నమ్మి 1933లో బొంబాయిలో దిగాడు. విశ్వాసాన్ని గుట్టుగా ఉంచుకుంటే ఇంటికి రావచ్చన్నారు తల్లిదండ్రులు. ఆయన ఇంటినే వదులుకున్నాడు. జీతం లేకుండా బతికాడు. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధనా కేంద్రం మొదలుపెట్టాడు. అక్కడి పెద్ద కూటాల్లో కులం అడగకుండా అందరూ నేల మీద చాపలపై కూర్చుని ఒకే అన్నం తినేవారు.

అదే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేకుండా పోయింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణలు వచ్చాయి, క్రైస్తవులకు రాలేదు. బిడ్డ సీటు కోసం, ఉద్యోగం కోసం విశ్వాసాన్ని నాలుగు గోడల మధ్యే ఉంచుకున్న కూలీ కుటుంబాన్ని పిరికిదని తిట్టే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. భక్తసింగ్ వెల చెల్లించింది తన బతుకులోంచి. వీళ్లు చెల్లించాల్సింది బిడ్డల బతుకుల్లోంచి.

అలాంటి కుటుంబం కూడా చేయగలిగింది ఒకటుంది. మామిడి కోతల కూలీ చేతికొచ్చిన వారం, ఇంట్లో ఆరాధన అయ్యాక, తమ బంధువులతో పాటు మాలపేట వాళ్లు మాదిగపేట వాళ్లకు, మాదిగపేట వాళ్లు మాలపేట వాళ్లకు విస్తరి వేయవచ్చు. ఆ రోజు బియ్యం కొలిచేదీ, వడ్డించేదీ, చివర్న తినేదీ ఇంటాయనే కావాలి.