లాగ్‌బుక్కులో వర్తమానకాలం

ఇంగ్లీషులో ‘టెన్స్’, ‘టైమ్’ ఒకటేనన్న భావంతో బడిలో పన్నెండు పట్టికలు కంఠస్థం చేసినవారం మనం. నిజానికి అవి వేర్వేరు. టైమ్ గడియారానికి సంబంధించినది. టెన్స్ క్రియారూపానికి సంబంధించినది. ఇంగ్లీషు క్రియ తన రూపాన్ని మార్చుకొని చూపగలిగేవి రెండే: ‘టేక్స్’ అనే వర్తమానం, ‘టుక్’ అనే భూతం. భవిష్యత్తుకు ప్రత్యేక రూపం లేదు. ‘విల్’, ‘గోయింగ్ టు’ వంటి మాటల తోడుతోనో, వర్తమాన రూపంతోనో ఆ పని జరుగుతుంది. ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అన్నప్పుడు క్రియ వర్తమానం, ప్రయాణం రేపు.

తెలుగు పద్ధతి వేరు. ‘ఆపరేటరు రీడింగు తీస్తాడు’ అంటే రోజూ తీస్తాడని కావచ్చు, రేపు తీస్తాడని కావచ్చు. నిత్యం జరిగేదానిని మన సంప్రదాయ వ్యాకరణం ‘తద్ధర్మం’ అని విడిగా పేర్కొన్నా, వాడుకలో రెంటికీ ఒకే రూపం. ఇంగ్లీషులో ‘టేక్స్’ అలవాటు, ‘విల్ టేక్’ రాబోయే పని.

మన వృత్తిలో అసలు చిక్కు భూతకాలం దగ్గర వస్తుంది. ‘వాల్వు మూశాం’ అన్న మాటకు ఇంగ్లీషులో రెండు వాక్యాలున్నాయి. ‘వి క్లోజ్డ్ ద వాల్వ్’ జరిగిన పనిని మాత్రమే చెబుతుంది. తరువాత ఎవరైనా తెరిచారో లేదో చెప్పదు. ‘వి హ్యావ్ క్లోజ్డ్ ద వాల్వ్’ అంటే సాధారణంగా అది ఇప్పటికీ మూసి ఉన్నదని అర్థం. అందుకే దాని పక్కన ‘ఎస్టర్డే’ ఇమడదు. ‘ఈజ్ బీయింగ్ క్లోజ్డ్’ అంటే పని ఇంకా పూర్తి కాలేదు.

అయితే సరైన టెన్సు వాడినంత మాత్రాన సరిపోదని మేము భావిస్తున్నాము. మధ్యాహ్నం 14.20కి వ్రాసిన ‘హ్యాజ్ బీన్ క్లోజ్డ్’ను రాత్రి షిఫ్టువారు 22.00 గంటలకు చదువుతారు. వ్రాసినవారి వర్తమానం చదివేవారికి అప్పటికే భూతకాలం.

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై 167 మంది మరణించారు. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వును తీసివేసిన సంగతి రాత్రి షిఫ్టువారికి చేరలేదు. రెండవ పంపు ఆగిపోగానే వారు మొదటిదానిని నడపబోయారు. లార్డ్ కల్లెన్ విచారణ పర్మిట్ విధానంలోనూ, షిఫ్టు అప్పగింతలోనూ లోపాలను ఎత్తిచూపింది. అది వ్యాకరణ దోషం కాదు. కాని ‘ప్రస్తుత స్థితి ఏమిటి’ అన్న ఒక్క విషయం చేతులు మారకపోతే ఏమవుతుందో దానివల్ల తెలుస్తుంది.

భవిష్యత్తు విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. స్పెసిఫికేషన్లలో కనిపించే ‘షల్’ జరగబోయేదాన్ని తెలిపేది కాదు, తప్పనిసరి నిబంధన. ‘ద వాల్వ్ షల్ బి క్లోజ్డ్’ అంటే మూస్తారని కాదు, మూసి తీరాలని.

కనుక లాగ్‌బుక్కులో ముందు సమయం, తరువాత చేసిన పని, చివర అప్పగించే వేళకున్న స్థితి విడివిడిగా వ్రాయడం క్షేమకరం: ‘14.20కి మూశాం, 21.50కి చూశాం, మూసే ఉన్నది.’ ఏ భాషలో వ్రాసినా ఈ రెండవ గడియారపు అంకె విడువరానిది.