జపాను కథలలో తొలివలపు

జపాను దేశమున బడియీడు బాలబాలికల తొలివలపు కథలకు నేడు మిక్కిలి వ్యాప్తి కలదు. మన పిల్లలును వానిని కదలుబొమ్మల రూపమున చూచుచున్నారు. చూచినంతనే చెడిపోవుదురని గదుముటకు మున్ను, హిగుచి ఇచియో యను రచయిత్రి 1895-96 సంవత్సరములలో ప్రకటించిన 'తకెకురబె' యను కథను తలంచుకొనుట మేలని మా యభిప్రాయము.

టోకియో నగరమున యొషివారా యను వేశ్యావాటిక చెంతనున్న పేటలో నీ కథ జరుగును. మిదొరి 14 ఏండ్ల బాలిక. ఆమె యక్క యా వాటికలో పేరుగన్న వేశ్య. నొబు బౌద్ధాలయపు పూజారి కుమారుడు. ఇరువురిదియు నొకటే బడి. బడి యాటల దినమున నొబు చెట్టువేరు తగిలి పడగా, మిదొరి తన యెఱ్ఱపట్టు చేతిరుమాలు నందిచ్చెను. తోడిబాలురు పరిహసించిరి. నాటినుండి యతడు ఆమెను తప్పించుకొని తిరుగసాగెను.

పిమ్మట నొకనాడు వానలో, ఆమె వాకిటనే యతని పావుకోటి వారు తెగెను. ఎవరో యని గుడ్డపేలికతో పరుగెత్తివచ్చిన మిదొరి యతనిని గుర్తించి, నోట మాట రాక, పేలికను కటకటాల సందున విసరెను. అతడు దానిని తీసికొనలేదు. ఎఱ్ఱని పట్టుపేలిక వానలో తడియుచు నచ్చటనే పడియుండెను. తుదకు నొబు సన్యాసవిద్యకు వెడలెను. మిదొరికి అక్క త్రోవయే మిగిలెను.

వీరు చేసిన తప్పేమి? ఒక్క వలపుమాటయైన నాడుకొనలేదు. తోడివారి నవ్వు వారి నోరు కట్టివేసెను. పెద్దలు ముందే గీచిన దారులు వారిని విడదీసెను.

రచయిత్రి బ్రదుకును నట్టిదే. ఆడుపిల్లకు చదువెక్కువైన కీడని తల్లి యెంచుటచే, ఆమె 11 ఏండ్ల వయసుననే బడి మానవలసివచ్చెను. క్షయవ్యాధిచే 1896లో, 24 ఏండ్ల ప్రాయమున మరణించెను. 2004లో జపాను ప్రభుత్వము 5000 యెన్నుల నోటుపై నామె చిత్రమును ముద్రించెను.

మన యిండ్లలో బాలిక మనసు కొంచెము చలించినదని తెలిసినంతనే మొదట పడు శిక్ష బడి మాన్పించుట. తల్లులారా! అట్లు చేయకుడు. పరిహసింపకుడు. చెంత కూర్చుండబెట్టుకొని మెల్లగా నడుగుడు. తల్లికి చెప్పుకొనగల బిడ్డకు తొలివలపు వలన భయము లేదు. చెప్పుకొన దిక్కులేని బిడ్డకే ముప్పని మేము నమ్ముచున్నాము.