కూటి భాష, తల్లి భాష



రుమేనియాకూ ఉక్రెయిన్‌కూ నడుమ మోల్డోవా అనే చిన్న దేశం ఉంది. దానికి సముద్రతీరం లేదు, చెప్పుకోదగ్గ గనులు లేవు. నల్లరేగడి నేల, ద్రాక్షతోటలు, పొద్దుతిరుగుడు చేలు, ఇవే దాని ఆస్తి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం పెరిగినప్పుడు అక్కడ చదువుకొంటున్న మన దేశపు విద్యార్థుల్లో కొందరు ఈ దేశం మీదుగా బయటపడి ఇండ్లు చేరారు. అప్పుడు దాని పేరు మన పత్రికల్లో కనబడింది. తర్వాత మరచిపోయాం. ఈ నెల ఆ దేశపు దక్షిణపు కొసన నివసించే ఒక చిన్న జనాన్ని గూర్చి మీతో ముచ్చటించాలని అనుకొన్నాం. కడుపు నిండని చోట తల్లి భాషకు ఏమి జరుగుతుందో వారి చరిత్ర చూస్తే తెలుస్తుంది.

వారిని గగౌజులు అంటారు. దేశ జనాభాలో నూటికి నలుగురైదుగురు మాత్రమే. వారి మాట టర్కీవారి మాటకు దగ్గర చుట్టం. అయినా వారు ముస్లిములు కారు, ఆర్థొడాక్సు క్రైస్తవులు. సుమారు రెండు వందల సంవత్సరాల క్రితం, రష్యా చక్రవర్తుల కాలంలో, బల్గేరియా వైపునుండి వలస వచ్చి అక్కడి మైదానంలో ఊళ్లు కట్టుకొన్నారు. చుట్టుపక్కలవారిది రుమేనియన్ భాష, పాలించేవారిది రష్యన్. గగౌజు మాత్రం ఇంట్లోనూ పొలంలోనూ వినబడే మాటగా మిగిలింది. బడిలో దానికి చోటు లేదు, గుడిలో కూడా లేదు.

ఆ లోటు చూచి బాధపడినవాడు మిహాయిల్ చాకీర్ అనే గురువు. ఆయన 1861లో పుట్టి 1938లో కన్నుమూశాడు. తన జనం గుడికి వచ్చి, అర్థం కాని భాషలో ప్రార్థనలు విని వెళ్లిపోతున్నారని గ్రహించి, సువార్తనూ ప్రార్థనలనూ గగౌజు భాషలోకి తెచ్చి అచ్చు వేయించాడు. 1934లో తన జనం చరిత్ర రాశాడు. చనిపోయిన సంవత్సరమే ఆయన కూర్చిన నిఘంటువు వెలువడింది. ఒక భాషకు తొలి పుస్తకాలు సువార్త కోసమే పుట్టడం మన సంఘాలకు కొత్త సంగతి కాదు.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతం సోవియట్ యూనియన్‌లో స్థిరపడింది. 1946-47లో కరవు వచ్చింది. వానలు లేని ఆ సంవత్సరంలో కూడా ప్రభుత్వం రైతుల ధాన్యం వసూలు చేసుకొనిపోయింది. మోల్డోవాలో లక్షమందికి పైగా ఆకలికి చనిపోయారు. గగౌజు గ్రామాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1957లో ప్రభుత్వం ఆ భాషకు రష్యన్ లిపి ఆధారంగా అక్షరమాలను ఆమోదించింది. ద్యోనిస్ తనసోగ్లు అనే రచయిత అందుకు ఎంతో శ్రమపడ్డాడు. కొన్ని సంవత్సరాలు గగౌజు బడులు నడిచాయి. తర్వాత ఆగిపోయాయి. పిల్లలందరూ రష్యన్ బడిబాట పట్టారు.

అన్యాయం గగౌజులకు మాత్రమే జరగలేదు. మోల్డోవాలో ఎక్కువమంది మాట్లాడే రుమేనియన్ కూడా సోవియట్ కాలంలో చిన్నబోయింది. దానిని రష్యన్ లిపిలో రాయించారు, అది రుమేనియన్ కాదు, వేరే భాష అన్నారు. పట్నంలో ఉద్యోగానికి రష్యన్ కావాలి. అందుకే 1989 ఆగస్టు 31న తమ భాష రాజ్యభాష అయ్యి, లాటిన్ లిపి తిరిగి వచ్చినప్పుడు ఆ జనం ఆనందించారు. అది న్యాయమైన ఆనందమే. ఆ రోజును నేటికీ వారు పండుగగా జరుపుకొంటారు.

కాని ఒక ఇంటి పండుగ పక్కింటికి భయమైంది. ప్రజలతో మెలిగే ఉద్యోగులకు రాజ్యభాష రావాలని చట్టం చెప్పింది. ఆ చట్టంలో గగౌజు భాషను కాపాడుతామన్న మాట కూడా ఉంది. అయినా రష్యన్‌లో చదువుకొన్న గగౌజు ఉపాధ్యాయుడు, గుమాస్తా, నర్సు తమ బ్రదుకుతెరువు పోతుందని వణికారు. 1990 ఆగస్టు 19న కొమ్రాట్ పట్టణంలో వారి నాయకులు వేరే గణతంత్రం ప్రకటించారు. ఆ అక్టోబరులో వేలాదిమంది కుర్రవాళ్లు వారిని అణచడానికి బయలుదేరారు. నెత్తురు ఏరులై పారవలసిన సమయం అది. దేవుని దయవలన అంతటి ఘోరం జరగలేదు.

1991 ఆగస్టు 27న మోల్డోవా స్వతంత్ర దేశమైంది. తూర్పున నీస్టర్ నది ఒడ్డున 1992లో యుద్ధం జరిగి వందలమంది చనిపోయారు. ఆ ప్రాంతం నేటికీ ప్రభుత్వం చేతిలో లేదు. గగౌజుల సమస్య మాత్రం మాటలతో పరిష్కారమైంది. 1994 డిసెంబరు 23న పార్లమెంటు వారికి స్వయంపాలన ఇస్తూ చట్టం చేసింది. వారికి సొంత సభ, సొంత పాలకుడు, మూడు అధికార భాషలు వచ్చాయి. అవి గగౌజు, రాజ్యభాష, రష్యన్. కత్తి దూయకుండా ఒక చిన్న జనం తన హక్కు పొందిన ఉదాహరణలు లోకంలో తక్కువ. ఇందుకు ఇరుపక్షాలనూ మెచ్చుకోవాలి.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే బాగుండేది. చట్టం కాగితం మీద పడేనాటికి ఇండ్లలో పొయ్యి రాజేయడమే కష్టంగా ఉంది. మోల్డోవా ద్రాక్షసారా, పండ్లు, పొగాకు కొనే సోవియట్ అంగడి మూతపడింది. పెద్ద విద్యుత్ కేంద్రమూ ఉక్కు కర్మాగారమూ నది అవతల ఉండిపోయాయి. 1999 నాటికి దేశపు ఉత్పత్తి పదేళ్ల క్రితం ఉన్నదానిలో మూడో వంతుకు పడిపోయింది. జీతాలూ పింఛన్లూ నెలల తరబడి అందలేదు. డబ్బుకు బదులు సరుకు ఇచ్చిన చోట్లూ ఉన్నాయి. సమష్టి క్షేత్రాలను పంచినప్పుడు ఒక్కొక్కరికి సగటున మూడున్నర ఎకరాలు వచ్చింది. అదైనా ఒక్క చోట కాదు, రెండు మూడు ముక్కలుగా. ట్రాక్టరు లేదు, అప్పు ఇచ్చేవాడు లేడు, పంట కొనేవాడు లేడు. భూమి చేతికి వచ్చినా సేద్యం సాగలేదు. చిన్న కమతం గలవారికి ఆ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

అందుచేత జనం వలసపోయారు. మగవారు మాస్కోలో కట్టడాల పనికి వెళ్లారు. ఆడవారిలో చాలామంది ఇస్తాంబుల్ వెళ్లి, అక్కడి ఇండ్లలో పిల్లలను పెంచారు, ముసలివారికి సేవ చేశారు. టర్కీ భాష వారికి త్వరగా పట్టుబడింది, ఎందుకంటే అది తమ తల్లి భాషకు దగ్గర. ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. ఇంటిదగ్గర గౌరవం లేని ఆ భాష పరాయి దేశంలో వారికి అన్నం పెట్టింది. కాని ఆ తల్లి దానిని పరాయి బిడ్డల దగ్గర పలికింది. ఆమె సొంత బిడ్డలు ఊరిలో అవ్వతాతల దగ్గర పెరిగి, రష్యన్ బడికి వెళ్లి, రష్యన్ టీవీ చూచి, తల్లి ఫోను చేస్తే రష్యన్‌లో బదులు పలికారు.

2006 ప్రాంతంలో విదేశాలనుండి వచ్చే డబ్బు మోల్డోవా జాతీయాదాయంలో మూడో వంతు దాకా ఉండింది. తర్వాత ఆ వాటా తగ్గింది. వెళ్లినవారిలో చాలామంది తిరిగి రాలేదు. నది అవతలి ప్రాంతం పోగా, 2024 జనాభా లెక్కల్లో దేశంలో మిగిలినవారు 24 లక్షలు. గగౌజుల ప్రాంతంలో 2004లో లక్షన్నరకు పైగా ఉన్న జనం ఇరవై ఏండ్లలో సుమారు లక్షకు దిగారు.

ఇక మూడు అధికార భాషల సంగతి. వారి బడుల్లో ఎక్కువ చోట్ల చదువు రష్యన్‌లోనే సాగుతున్నది. గగౌజు ఒక పాఠ్యాంశం మాత్రమే. కార్యాలయాల్లో కాగితాలూ ఎక్కువగా రష్యన్‌లోనే. తమ భాష కోసమని పోరాడి తెచ్చుకొన్న హక్కు నీడన తమ భాషకన్న పెద్ద భాషే ఎక్కువ బలపడింది. యునెస్కో గగౌజును అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల్లో చేర్చింది. తల్లిదండ్రులను తప్పుబట్టగలమా? ఏ భాష చదివితే బిడ్డకు పని దొరుకుతుందని వారు లెక్క వేసుకొన్నారు. మాస్కోలో పనికి రష్యన్, రాజధానిలో ఉద్యోగానికి రుమేనియన్ కావాలి. గగౌజుతో వచ్చే జీతం ఏదీ కనబడలేదు. ఆకలి వేసిన ఇంట్లో ఆ లెక్కే గెలుస్తుంది.

పేదరికం ఇంకో పని కూడా చేస్తుంది. ప్రజల అనుమానాన్ని రాజకీయ నాయకుల చేతికి అందిస్తుంది. 2024 అక్టోబరులో ఐరోపా సమాజంలో చేరే విషయమై ఓటింగు జరిగితే దేశం మొత్తం మీద అవునన్నవారు సగానికి కాస్త ఎక్కువ. గగౌజుల ప్రాంతంలో నూటికి 95 మంది వద్దన్నారు. రాజధాని నాయకులు తమ ఊళ్ల దుమ్ము తొక్కరని వారి ఫిర్యాదు. రాజ్యభాష నేర్చుకోరని రాజధానివారి ఫిర్యాదు. నేర్చుకోమంటే ఆ ఊళ్లకు మంచి ఉపాధ్యాయులనూ పుస్తకాలనూ పంపాలి. అది చాలాకాలం సరిగా జరగలేదు.

ఐగుప్తులో పరదేశులై బాధపడిన ఇశ్రాయేలీయులకు, తమ మధ్యనున్న పరదేశిని బాధపెట్టవద్దని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. తన భాష చిన్నబోయిన దినాలు ఎరిగినవాడు పొరుగువాని భాష విలువ ముందుగా గుర్తించాలి. మోల్డోవాలో పెద్ద జనానికి ఉన్న బాధ్యత ఇదే. పెంతెకొస్తు దినాన గలిలయవారు మాట్లాడుతుండగా ఎవరి భాషలో వారు విన్నారు. ఏ ఒక్కరినీ మీ మాట మాని మా మాట నేర్చుకొని రండి అనలేదు.

ఆశ లేకపోలేదు. 1988లో తోదుర్ జానెత్ గగౌజు భాషలో ఒక పత్రిక ప్రారంభించాడు. దాని పేరు 'అనా సోజు', అంటే తల్లి మాట. కొమ్రాట్‌లో 1991నుండి విశ్వవిద్యాలయం ఉంది. సోవియట్ కాలం ముగిశాక కొత్త నిబంధన ఆ భాషలో అచ్చయింది. ఇవి నిలవాలంటే చట్టంతోపాటు ఊరిలో పని కావాలి. ఇస్తాంబుల్‌నుండి ఆ తల్లి తిరిగి రావాలి, తన బిడ్డను తన మాటతో పిలవాలి. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ ఊళ్లను తలంచుకొందాం. దూరదేశంలో పనిచేస్తున్న తల్లులు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారి పిల్లలను ఒకసారి ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, కాసేపు కబుర్లు చెప్పండి.