ఇంజను నాడి తప్పినప్పుడు

ఈ కాలమున మన సోదరీమణు లనేకులు స్వయముగ కారు నడుపుచున్నారు. బిడ్డలను బడికి చేర్చుట, పెద్దలను వైద్యుని కడకు గొనిపోవుట వారి నిత్యకృత్యములైనవి. అట్టివారిని నడిత్రోవలో నిలిపివేయు రోగ మొకటి కలదు. చక్కగ పోవుచున్న బండి అకస్మాత్తుగ నాగిపోవును; కొంతసేపు చల్లారిన పిదప నేమియు నెరుగనట్లు మరల కదలును. మెకానిక్కు చూచునప్పటికి దోషము కానరాదు. అతడు తోచిన భాగము నొకటి మార్చును. సొమ్ము వ్యయమగును, రోగము నిలిచియుండును. ఇట్టి చిక్కునకు కారణములలో ముఖ్యమైన దొకటి ఇంజను వేగమును తెలుపు సంకేతము తడబడుట.

కారునందు స్పీడామీటరు బండి వేగమును చూపును. టాకోమీటరు ఇంజను నిమిషమునకెన్ని చుట్లు తిరుగుచున్నదో చూపును. ఈ లెక్క పుట్టుచోటు ఇంజను లోపల నున్నది. క్రాంకుషాఫ్టుతో తిరుగు పండ్లచక్ర మొకటి కలదు. పెక్కు కార్లలో నది 60 పండ్లకు చోటుండి, 2 పండ్లు లేని చక్రము. ఆ ఖాళీయే చుట్టునకు గుర్తు. చక్రమునకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఎడములో సెన్సారు కూర్చుండి, పన్ను దాటినప్పుడెల్ల కంప్యూటరునకు విద్యుత్సంకేతము పంపును. దానినిబట్టియే పెట్రోలు చిమ్ముటయు, నిప్పురవ్వ పుట్టుటయు జరుగును. సంకేతము తెగెనా, పెక్కు కార్లలో రెండును నిలిచిపోవును.

మన మింటనుండియే గమనింపదగినవి కొన్ని కలవు. ముల్లు సున్నకు పడినను ఇంజను నెమ్మదిగ నడచుచున్నచో దోషము చాలవరకు ముల్లుదో, దాని తీగదో యగును. ముల్లు గజగజలాడి, వెంటనే ఇంజను ఆగినచో సెన్సారు త్రోవను శంకింపవలెను. బండి బాగుగ నున్న దినమున స్టార్టరు తిరుగునప్పుడు ముల్లు కొంచెము లేచునో లేదో చూచి యుంచుకొనుడు. లేచుట వాడుకయైయుండి, చెడిన దినమున లేవకున్నచో నది మంచి సూచన. ఎంతసేపు నడచిన పిమ్మట ఆగినది, ఎండయా వానయా, ఎంతసేపటికి మరల కదలినది అనునవి పద్దుల పుస్తకములో వ్రాసి యుంచుడు. మెకానిక్కునకు ఆ వ్రాత మిక్కిలి యుపయోగించును.

పరీక్ష యొక క్రమమున జరుగవలెను. మొదట బ్యాటరీ, ఇంజను ఎర్తు తీగ. బ్యాటరీ నీరసించి స్టార్టరు మెల్లగ తిరిగినచో, రెండు తీగల అయస్కాంతపు సెన్సారులో సంకేతము కూడ నీరసించును. పిదప తీగలు: ఎలుకలు కొరికిన చోట్లు, చిలుము పట్టిన కొనలు, చమురు చేరిన కనెక్టరు. పిదప సెన్సారు మొనకు పట్టిన ఇనుపరజను, వదులైన బోల్టు, వంగిన పన్ను. కడపట సెన్సారు. రెండు తీగలదైనచో దాని నిరోధమును చల్లగ నున్నప్పుడు, కాగినప్పుడు కూడ మల్టీమీటరుతో కొలువవలెను. వేడికి లోపలి చుట్ట విడిపోయి, చల్లారగనే కలియుట కలదు. మూడు తీగల హాల్ సెన్సారునకు ఈ కొలత తగదు. దానికి వచ్చు విద్యుత్తును, ఎర్తును, సంకేతమును చూడవలెను. కంప్యూటరు పి 0335 అని గాని పి 0339 అని గాని చూపినంతమాత్రమున సెన్సారు చెడినదని కాదు. ఆ సంఖ్యలు సెన్సారు, తీగలు అన్నియు చేరిన త్రోవను చెప్పును. “తీగలు చూచితిరా?” యని యడిగిన పిదపనే క్రొత్త భాగమునకు సమ్మతింపుడు. ఇంజను నడచుచుండగ చీరకొంగు గాని జడ గాని బెల్టుల దరికి పోనీయరాదు.

ధనముకంటె ప్రాణము ముఖ్యము. నడుచుచుండగ ఇంజను ఆగినచో స్టీరింగు బరువెక్కును, పనిచేయకపోదు. బ్రేకునకు సాయము ఒకటి రెండు త్రొక్కులకే మిగులును. కావున మాటిమాటికి త్రొక్కక గట్టిగ నొక్కి పట్టవలెను. బండి నిలుచువరకు తాళముచెవి తీయరాదు. తీసినచో స్టీరింగు బిగిసిపోవచ్చును. నాలుగు దీపములు మినుకుమినుకు మనునట్లు వెలిగించి, ఎడమప్రక్కకు చేరవలెను. రోగము తీరిన దాక ఆ బండిలో బిడ్డలతో దూరప్రయాణము మానుకొనుడు.