మత్తు పుట్టింది పాటలోనా?

1970 సెప్టెంబరు 18న రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పోయాడు. పదహారు రోజులకు గాయని జానిస్ జాప్లిన్, 1971 జులైలో గాయకుడు జిమ్ మారిసన్. ముగ్గురికీ 27 ఏళ్లే. హెండ్రిక్స్‌ను నిద్రమాత్రలు, జాప్లిన్‌ను హెరాయిన్ బలితీసుకున్నాయి. మారిసన్‌కు శవపరీక్షే జరగలేదు. రాక్ సంగీతమే యువతను మత్తులోకి దించిందన్న ఆరోపణ అప్పటినుంచీ బలపడింది. అందులో కొంత నిజముంది. అసలు దోషులు తప్పించుకున్నదీ ఆ ఆరోపణ వల్లే.

మత్తు రాక్ కంటే ముందే వేదికెక్కింది. జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్‌లా వాయించాలంటే హెరాయిన్ కావాలని నమ్మి ఎందరో కుర్రవాళ్లు సూది పట్టారు. వాళ్లకు ఆయన ఏళ్ల తరబడి చేసిన సాధన కనిపించలేదు, సూది కనిపించింది. పార్కర్ 1955లో, 34 ఏళ్లకే చనిపోయాడు.

ఇక మందులు ఎక్కణ్నుంచి వచ్చాయో చూడండి. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రంతా వాయించాల్సి వచ్చిన బీటిల్స్ కుర్రాళ్లు నిద్ర ఆపుకోవడానికి మింగిన ప్రెలుడిన్, అప్పట్లో ఒళ్లు తగ్గడానికి అమ్మిన మాత్ర. ఎల్‌ఎస్‌డీ 1938లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ ప్రయోగశాలలో తయారైంది. 1977లో ఎల్విస్ ప్రెస్లీ మరణించినప్పుడు ఒంట్లో బయటపడ్డవి చాలావరకు డాక్టర్లు రాసిచ్చే మందులే. తుంటి ఎముక విరిగినా పర్యటన ఆపని రాక్ గాయకుడు టామ్ పెట్టీ 2017లో నొప్పి మందుల మోతాదు మించడంతో పోయాడు. వీటిలో తిరుగుబాటు కంటే పని ఒత్తిడి, విచ్చలవిడిగా దొరికే మందులే ఎక్కువ కనిపిస్తాయి.

వియత్నాం యుద్ధం మరింత గట్టి సాక్ష్యం. అక్కడ హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల్లో అత్యధికులు ఇంటికి తిరిగొచ్చాక మానేశారని పరిశోధకురాలు లీ రాబిన్స్ తేల్చింది. వాళ్లు వినే రాక్ పాటలు ఇంటి దగ్గరా మోగుతూనే ఉన్నాయి. చవకైన హెరాయిన్, యుద్ధభయం మాత్రం వెనకే ఉండిపోయాయి.

అయినా రాక్ సంస్కృతిని నిర్దోషి అనలేను. 27 ఏళ్లకు పోయినవాళ్లందరినీ ఒక 'క్లబ్బు'లో చేర్చి, అకాలమరణాన్ని ప్రతిభకు ఆనవాలుగా చూపింది. చనిపోయినవాళ్ల రికార్డులు, బొమ్మలు అమ్ముకుంది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడి మీద పాటలోని మాట కంటే ఈ ఆరాధన ప్రభావమే ఎక్కువ. దీన్ని ఎదిరించినవాళ్లూ ఆ సంగీతంలోనే పుట్టారు. 1981లో వాషింగ్టన్ పంక్ బృందం మైనర్ థ్రెట్ మందూ మత్తూ ముట్టని 'స్ట్రెయిట్ ఎడ్జ్' ధోరణికి పేరుపెట్టింది. హెరాయిన్‌నూ తాగుడునూ దాటొచ్చిన గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1998లో ఆంటిగ్వాలో చికిత్సా కేంద్రం నెలకొల్పాడు. ఈ కథలు మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

2024 నవంబరులో హైదరాబాద్‌లో పంజాబీ గాయకుడు దిల్‌జీత్ దోసాంజ్ కచేరీకి ముందు, మద్యాన్ని, మత్తును పొగిడే పాటలు పాడొద్దని అధికారులు నోటీసిచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ మన్యం నుంచి కదిలే గంజాయిని, డాక్టరు చీటీ లేకుండా మాత్రలమ్మే మందుల షాపులను ఆ నోటీసు ఆపలేదు. ప్రభుత్వాలు శ్రమ పెట్టాల్సింది అక్కడ, చికిత్సా కేంద్రాల దగ్గర. ఇంట్లో బిడ్డ చిక్కుకున్నాడని అనుమానం వస్తే పాటల జాబితా వెతుకుతూ కూర్చోకండి, పరువు పోతుందని దాచకండి. మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, కాల్ ఉచితం.