పదికి పది మార్కులు అడిగే మరమ్మతు

మా కారు ముందుభాగంలో ఎడమ చక్రం వైపు నుండి ఒక చప్పుడు పుట్టింది. నిలిచి ఉన్న బండిలో స్టీరింగు పూర్తిగా తిప్పితే, బిగించిన తీగను వదిలినట్లు "టంగు"మంటుంది. కాజీపేట నుండి హనుమకొండ వచ్చేటప్పుడు స్పీడుబ్రేకరు దిగితే "గుడుక్కు"మంటుంది. బ్రేకు వేసినా వేయకపోయినా భేదం లేదు. ఈ సంగతులన్నీ వారం రోజులు చెవి ఒగ్గి విని, కంపెనీ వర్కుషాపులో సర్వీసు అడ్వైజరుకు విన్నవించాను. చప్పుళ్ళను చెప్పడానికి తెలుగులో మాటలకు కరవు లేదు గదా! ఆ యువకుడు వినయంగా విని, "ఓకే సార్" అని, కంప్యూటరులో రెండే రెండు ఇంగ్లీషు మాటలు కొట్టి, కాగితం అచ్చు తీసి, సంతకం పెట్టమన్నాడు. ఆ రెండు మాటలకు తెలుగు చేస్తే, "చప్పుడు చూడవలెను." నేను చెప్పినదంతా అక్కడే రాలిపోయింది. నేను సంతకం పెట్టాను. ఆ తప్పు నాదే.

మొదటిసారి బ్రేకు ప్యాడ్లు మార్చారు. రెండవసారి స్టెబిలైజరు లింకులు మార్చారు. మూడవసారి స్టీరింగు ర్యాకు మొత్తం మార్చాలనీ, ముప్పై వేలకు పైమాటేననీ సెలవిచ్చారు. మార్చిన ప్రతిసారీ విడిభాగం ధర వేరు, లేబరు ఛార్జీ వేరు, ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ వేరు. నేనడగని త్రోటిల్ బాడీ శుభ్రత ఒకటి బిల్లులో దానంతటదే వచ్చి కూర్చున్నది. "చెక్ చేశాం సార్, ఇప్పుడేం లేదు" అని తాళంచెవి చేతికిచ్చేవారు. ఇల్లు చేరేలోగా మొదటి స్పీడుబ్రేకరు దగ్గరే అది నన్ను పలకరించేది.

మరునాడు ఫోను. "సర్వీసు ఎలా ఉంది సార్? దయచేసి పదికి పది ఇవ్వండి. తొమ్మిది ఇచ్చినా మాకు ఇబ్బంది అవుతుంది" అని బతిమాలే గొంతు. ముప్పై యేళ్ళకు పైగా జవాబు పత్రాలు దిద్దాను. సంధి ఎక్కడ జరిగిందో తెలియనివాడు కూడా నా దగ్గరకు వచ్చి పదికి పది వేయండని అడిగిన పాపాన పోలేదు. ఆ అమ్మాయిని ఏమనగలను? చప్పుడు పోయిందా అని అడగమని ఆమెకెవరూ చెప్పలేదు. మార్కులు తెమ్మన్నారు, అంతే.

నా అభియోగం ఒక్కటే. తప్పుడు ఊహకు రుసుము నేనెందుకు చెల్లించాలి? పద్యంలో యతి తప్పితే గురువు ఆ పాదం చదివి, తప్పిన చోట వేలు పెట్టి చూపుతాడు. అంతేగాని గణాలన్నీ ఒక్కొక్కటే మార్చి చూస్తూ, మార్చిన ప్రతి గణానికీ దక్షిణ పుచ్చుకోడు. "యంత్రం గదా మాస్టారూ, ఊహించక ఎలా? వైద్యులు మాత్రం ఊహించరా?" అని ఒక మిత్రుడు వాదించాడు. ఊహిస్తారు, నిజమే. కాని రోగి గోడు విన్న వైద్యుడే నాడి పడతాడు. ఇక్కడ విన్నవాడు పానా పట్టడు, పట్టినవాడు వినలేదు. మధ్యలో ఒక అద్దాల గోడ. ఇవతల చల్లని గదిలో నాకు కాఫీ ఇస్తారు, అవతల నా బండి విప్పుతారు. ఆ విప్పే పిల్లల మీద నాకు కోపం లేదు. ఐటీఐ చదివి వచ్చినవారు. వారి చేతికి అందినది రెండు మాటల కాగితం. ఆ కాగితానికి అంతకన్న మంచి మరమ్మతు ఎవరూ చేయలేరు.

చివరకు వరంగల్ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డుకు వెళ్ళాను. ఆ మెకానిక్కు, "సారూ, మీరు పక్కకు కూసోండ్రి, నేను నడుపుత. సప్పుడు రాంగనే చెప్పుండ్రి" అన్నాడు. రెండు వీధులు తిప్పి, నిలిపి, నన్ను స్టీరింగు తిప్పమని, తాను చక్రం పక్కన చతికిలబడి స్ప్రింగు మీద చెయ్యి ఆనించాడు. "టంగు"మన్నది. "పైన మౌంటు పోయింది సారూ. బేరింగు పట్టేసింది. స్ప్రింగు తిరగలేక మెలిక పడి ఒక్కపారి ఇడుస్తున్నది." పది నిమిషాలు పట్టిందేమో! సాయంత్రానికి పాత మౌంటు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. అడగకుండానే పెట్టాడు. చప్పుడు పోయింది.

కథ ఇంతటితో ముగిస్తే షెడ్డుల మాహాత్మ్యమని ఊరుకోవచ్చును. కాని చక్రాల ఎలైన్‌మెంటు సరిచేశాక, డాష్‌బోర్డులో స్టీరింగు గుర్తు దీపం ఒకటి వెలిగి, ఆరనన్నది. స్టీరింగు మధ్యస్థానం ఏదో కంప్యూటరుకు మళ్ళీ చెప్పాలట. "నా స్కానర్‌ల ఈ బండికి అది ఓపెన్ కాదు సారూ. కంపెనోళ్ళ కాడికే పోవాలె" అన్నాడు. అంతటి నేర్పు గల చెయ్యి ఒక దీపం దగ్గర ఆగిపోయింది.

అది ఆగిపోవడం అతని అజ్ఞానం వల్ల కాదు. విద్యను తాళం వేసి దాచినందువల్ల. ఈ మాట నేను ఉక్రోషంతో అంటున్నది కాదు. 2011లో ఒక వినియోగదారుడు చేసిన ఫిర్యాదు మీద విచారించి, భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న తీర్పు చెప్పింది. అసలైన విడిభాగాలను బహిరంగ విపణిలో దొరకనివ్వకుండా, దోషనిర్ణయ పరికరాలను బయటి మెకానిక్కులకు ఇవ్వకుండా, కార్ల కంపెనీలు వినియోగదారుని కట్టిపడేశాయన్నది. 14 కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు పైమెట్లు ఎక్కాయి. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో 2012లోనే ప్రజలు ఓట్లు వేసి, ఈ సమాచారం బయటి మెకానిక్కుకూ దక్కాలని తేల్చారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న 'మరమ్మతు హక్కు' పేరిట ఒక పోర్టలు తెరిచింది. వాహనాలు కూడా అందులో ఉన్నాయి. సంతోషమే! ఆటోనగర్ షెడ్డులో ఆ దీపం మాత్రం ఆరలేదు.

కాబట్టి తిరిగి ఆ అద్దాల గోడ దగ్గరకే వెళ్ళాను. "బయట పని చేయించారు గదా సార్, సస్పెన్షన్ అంతా మేం చూడనిదే ఆ పని చేయం" అన్నాడు అడ్వైజరు. ఈసారి నేను కలం తీశాను. జాబ్‌కార్డులో సంతకానికి పైన ఉన్న ఖాళీలో, మూడుసార్లు ఏమి మార్చారో, ఎంత తీసుకున్నారో, చప్పుడు ఎందువల్ల వచ్చిందో, నేడు నాకు కావలసినది ఏ ఒక్క పనో, స్పష్టంగా తెలుగులో వ్రాశాను.

"తెలుగు మా సిస్టమ్‌లో ఎక్కదు సార్."

"ఎక్కనక్కరలేదు నాయనా. ముట్టినట్లు ముద్ర వేసి, ఒక ప్రతి నాకివ్వు చాలు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. వకీలు లేకుండా నేనే చెప్పుకోవచ్చు. సేవాలోపమంటే ఏమిటో అక్కడ తెలుగులో చెప్పినా వింటారు."

కాగితం లోపలికి వెళ్ళింది. నలభై నిమిషాలు కూర్చున్నాను. కాఫీ రెండుసార్లు వచ్చింది, తాగలేదు. చివరకు మేనేజరే స్వయంగా వచ్చి, ముద్ర వేసిన ప్రతిని ఇచ్చి, బండి సాయంత్రం అయిదింటికి తీసుకువెళ్ళమన్నారు. అప్పటికి దీపం ఆరింది. ఆ ఒక్క పనికే బిల్లు వేశారు. మరునాటి ఫోను ఇంకా రాలేదు.